యూరియా బస్తా వెనుక ఒక రిజిస్టరు

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, వైద్య ఖర్చుల బిల్లులు, ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఇవే చర్చకు వస్తాయి. ఈసారి ప్రత్యేక సంచిక వేస్తున్నాం కనుక ఏదైనా కొత్త విషయం మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. అందుచేత ఎరువుల కర్మాగారాల్లో ఉండే ఒక ఇనుప పాత్ర గురించి, అందులో పోసే బిళ్లల గురించి, ఆ బిళ్లల ఆయువును లెక్కగట్టే పద్ధతి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఆ పాత్రను ప్రీరిఫార్మరు అంటారు. ఆ బిళ్లలను క్యాటలిస్టు అంటారు, మన పాఠ్య పుస్తకాల్లో ఉత్ప్రేరకం అని రాసేవారు.

గుమాస్తా ఉద్యోగం చేసినవాడికి ఇదంతా ఎందుకయ్యా అని మీలో కొందరికి అనిపించవచ్చు. వ్యవసాయ శాఖ కార్యాలయంలో ఎరువుల కేటాయింపు సీటు చాలా ఏళ్లు నా దగ్గర ఉండేది. ఫలానా వాగను ఇంకా రాలేదు, ఫలానా కర్మాగారం ఆగిపోయింది అని టెలిగ్రాములు వచ్చేవి. కర్మాగారం ఎందుకు ఆగుతుందో మాకు తెలిసేది కాదు. మా మేనల్లుడు అమ్మోనియా ప్లాంటులో షిఫ్టు ఇంజనీరుగా చేసి ఈమధ్యనే రిటైరయ్యాడు. వాడి దగ్గర కూర్చుని అడిగి అడిగి తెలుసుకున్నాను. "మామయ్యా, నువ్వు రిజిస్టర్ల మనిషివి కాబట్టి నీకు ఇది తొందరగా అర్థమవుతుంది" అన్నాడు. వాడు అన్నది నిజమే. ఈ విషయానికి గుండెకాయ ఒక రిజిస్టరే.

ముందుగా లెక్క చూద్దాం. 2018 నుంచి యూరియా బస్తా 45 కిలోలు. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. ఆ ఒక్క బస్తా తయారు కావడానికి సుమారు 25 కిలోల 500 గ్రాముల అమ్మోనియా కావాలి. ఆ అమ్మోనియాలో హైడ్రోజన్ బరువు సుమారు నాలుగున్నర కిలోలు. నత్రజని మన చుట్టూ గాలిలోనే ఉంది, దానికి కరువు లేదు. హైడ్రోజన్ మాత్రం ఎక్కడా విడిగా దొరకదు. దేన్నుంచో విడదీయాలి. ఎరువుల కర్మాగారం ఖర్చులో పెద్ద భాగం ఈ విడదీసే పనికే పోతుంది.

గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపి అమ్మోనియా చేయవచ్చునని జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపించాడు. దాన్ని కార్ల్ బాష్ కర్మాగారం స్థాయికి తెచ్చాడు. 1913లో ఓపౌ అనే చోట మొదటి కర్మాగారం నడిచింది. హేబరుకు 1918 సంవత్సరపు నోబెల్ బహుమతి, బాష్‌కు 1931లో నోబెల్ బహుమతి వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక మన దేశంలో 1951లో సింద్రీ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది. మన వైపు విశాఖపట్నంలో 1967లోను, రామగుండంలో 1980లోను, కాకినాడలో 1992లోను ఎరువుల కర్మాగారాలు వచ్చాయి. రామగుండంది బొగ్గుతో నడిచే కర్మాగారం. అది 1999లో మూతపడింది. అదే ఊళ్లో సహజ వాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది. సింగరేణి బొగ్గు పక్కనే ఉన్నా, గ్యాసును పైపులైనులో తెప్పించుకుని నడుపుతున్నారంటే హైడ్రోజన్ రాబట్టడానికి సహజ వాయువు ఎంత అనువైనదో గ్రహించవచ్చు.

సహజ వాయువులో ఎక్కువ భాగం మీథేన్. దాన్ని నీటి ఆవిరితో కలిపి, నికెల్ క్యాటలిస్టు నింపిన గొట్టాల గుండా పంపి, బయటి నుంచి మంటలతో వేడి చేస్తారు. మీథేన్, నీరు రెండూ విడిపోయి హైడ్రోజన్ వస్తుంది, బొగ్గు వాయువులు వస్తాయి. ఈ పెద్ద పొయ్యిని రిఫార్మరు అంటారు. గొట్టాల చివర వాయువు వేడి సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు. గొట్టం గోడ ఇంకా ఎక్కువ వేడిగా ఉంటుంది. ఇవి నికెలు, క్రోమియం ఎక్కువగా కలిపి పోత పోసిన ఖరీదైన గొట్టాలు. ఇంజనీర్లు ఒక సూత్రం చెబుతారు. గొట్టం గోడ ఉండవలసిన దానికన్నా ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిలో అదేపనిగా నడిస్తే దాని ఆయువు దాదాపు సగానికి పడిపోతుందట. 800, 900 డిగ్రీల మధ్య ఇరవై డిగ్రీలు ఒక లెక్కా అనుకుంటాం. కానీ ఆ ఇరవైలోనే సగం ఆయువు ఉంది.

ఇప్పుడు అసలు పాత్ర దగ్గరికి వద్దాం. సహజ వాయువులో మీథేన్‌తో పాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ వంటి బరువైన వాయువులు కొంచెం కొంచెం ఉంటాయి. నాఫ్తా అయితే పూర్తిగా బరువైన సరుకే, పెట్రోలుకు దగ్గరి చుట్టం. ఇవి నేరుగా ఎర్రగా కాలే గొట్టాల్లోకి వెడితే చిట్లి మసి కడతాయి. ఆ మసి క్యాటలిస్టును కప్పేస్తే ఆ చోట వేడి పీల్చే పని ఆగిపోయి గొట్టం మరీ వేడెక్కుతుంది. అందుకని రిఫార్మరుకు ముందు ఇంకొక పాత్ర పెట్టి, బరువైన వాయువులన్నిటినీ అందులోనే తేలిక పరచి మీథేన్‌గా, కొంత హైడ్రోజన్‌గా, కొంత బొగ్గు వాయువులుగా మార్చి పంపుతారు. పసిబిడ్డకు అన్నం మెత్తగా పిసికి పెట్టినట్టన్నమాట. ఆ పాత్రే ప్రీరిఫార్మరు. దానికి మంట ఉండదు. బయట మందంగా వేడి పోకుండా కప్పి ఉంటుంది. లోపలికి వచ్చే వాయువు తెచ్చుకున్న వేడితోనే పని అంతా జరిగిపోవాలి.

ఈ పద్ధతికి మూలం ఇంగ్లండులో ఉంది. అక్కడ ఊళ్లకు వంట గ్యాసును బొగ్గు నుంచి తయారు చేసి పైపుల్లో పంపేవారు. నాఫ్తా చవకగా దొరకడం మొదలయ్యాక, సోలిహల్ అనే ఊళ్లోని గ్యాస్ కౌన్సిల్ పరిశోధన కేంద్రంలో ఎఫ్.జె.డెంట్ అనే శాస్త్రజ్ఞుడి నాయకత్వంలో, నాఫ్తాను తక్కువ వేడిలో నికెల్ క్యాటలిస్టుపై మీథేన్ ఎక్కువగా ఉండే గ్యాసుగా మార్చే పద్ధతి సాధించారు. 1960లలో అది కర్మాగారాల్లోకి వెళ్లింది. తరువాత ఉత్తర సముద్రంలో సహజ వాయువు దొరికి, 1967 నుంచి పదేళ్లలో ఆ దేశపు పొయ్యిలన్నీ సహజ వాయువుకు మారిపోయాయి. ఊరి గ్యాసు పోయింది. కానీ ఆ క్యాటలిస్టు విద్య పోలేదు, అమ్మోనియా కర్మాగారాలకు, హైడ్రోజన్ కర్మాగారాలకు పనికి వచ్చింది. మన దేశంలో గ్యాసు చాలని రోజుల్లో నాఫ్తాను కూడా వాడుకోవడానికి కొన్ని కర్మాగారాల్లో ప్రీరిఫార్మర్లు పెట్టుకున్నారు. డీజిలులోని గంధకాన్ని తీసివేయడానికి చమురు శుద్ధి కర్మాగారాలకు హైడ్రోజన్ కావాలి కనుక, అక్కడి హైడ్రోజన్ ప్లాంట్లలోనూ ఇవి ఉంటాయి.

క్యాటలిస్టు అంటే భయపడనక్కరలేదు. తాను ఖర్చు కాకుండా ఎదుటివారి పని జరిపించే పెళ్లిళ్ల పేరయ్య వంటిది. నికెల్ మనకు కొత్తదేమీ కాదు. మన ఇళ్లలో ఒకప్పుడు వాడిన డాల్డా, నూనెను నికెల్ సమక్షంలో హైడ్రోజన్‌తో గట్టిపరచి చేసినదే. నికెల్‌కు ఉన్న ఈ గుణాన్ని పరిశోధించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ సబాటియేకు 1912లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ప్రీరిఫార్మరులో వాడే బిళ్లల్లో నికెల్ పాలు ఎక్కువ. కంటికి కనపడనంత సన్నని రేణువులుగా అది బిళ్లంతటా పరుచుకుని ఉంటుంది. ఆ రేణువుల పైముఖమే పని చేసే చోటు.

ఈ బిళ్లలకు శత్రువులు నలుగురు. మొదటివాడు గంధకం. మన వంట గ్యాసుకు వాసన కోసం కలిపేది గంధకపు పదార్థమే. గ్యాసు లీకయితే ముక్కుకు తెలియాలని కలుపుతారు. వంటింట్లో మన ప్రాణం కాపాడే ఆ గంధకమే నికెల్‌కు విషం. ప్రీరిఫార్మరు వేడిలో ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు. అందుకే వాయువును ముందుగా జింక్ ఆక్సైడు నింపిన పాత్రల గుండా పంపి గంధకాన్ని పీల్చివేస్తారు. కోటి పాళ్లలో ఒక పాలుకు మించి గంధకం మిగలకూడదని చూస్తారు. ఆ కాస్త కూడా జారి వస్తే ప్రీరిఫార్మరు క్యాటలిస్టు దాన్ని తన పై పొరల్లో పట్టుకుని, వెనక ఉన్న రిఫార్మరు గొట్టాలను కాపాడుతుంది. ఇంటికి పెద్ద కొడుకులా ముందు నిలబడి దెబ్బలు తానే తింటుంది.

రెండవది మసి. వేడి మరీ ఎక్కువైతే మసి కడుతుంది. నాఫ్తా వంటి బరువు సరుకుతో వేడి మరీ తక్కువైనా చిక్కే, అప్పుడు బంకలాంటి పదార్థం నికెల్‌పై పేరుకుంటుంది. కనుక ఈ రెండు గట్ల మధ్యనే నడపాలి. ఆవిరి కూడా తగినంత ఉండాలి. లోపలికి పోయే కర్బనం పరమాణువు ఒక్కొక్కదానికి మూడు నీటి అణువులు, కాస్త అటూ ఇటూగా లెక్క. ఆవిరి ఆగిపోయి గ్యాసు మాత్రం పోతూ ఉంటే కొద్ది సేపట్లోనే మసి పట్టేస్తుంది. అందుకే ఆవిరి తగ్గగానే గ్యాసు దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు పెడతారు.

మూడవది నీరు. ఆవిరి మంచిదే, నీటి బొట్టు మంచిది కాదు. కొన్ని రకాల బిళ్లల్లో మెగ్నీషియా ఉంటుంది. సున్నపురాయి మీద నీళ్లు పోస్తే ఉబ్బి పగిలినట్టు, అది చల్లటి తడి ఆవిరిలో నీరు పీల్చుకుని ఉబ్బి బిళ్ల చిట్లవచ్చు. ప్లాంటు ఆపేటప్పుడు, నడిపేటప్పుడు ఈ జాగ్రత్త అవసరం. హైడ్రోజన్ లేకుండా ఒట్టి ఆవిరి పంపినా నికెల్ తుప్పు పట్టినట్టయి పనితనం పోతుంది. నాలుగవది వయసు. ఏ విషమూ సోకకపోయినా వేడిలో, ఆవిరిలో ఏళ్ల తరబడి ఉంటే సన్నని నికెల్ రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పెద్దవవుతాయి. పని చేసే పైముఖం తగ్గిపోతుంది. దీనికి మందు లేదు. మనకు తెలియని సంగతి కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాత్ర మూసి ఉంటుంది. లోపల 500 డిగ్రీల వేడి, పైగా ఒత్తిడి. బిళ్ల ఎంత పాడయిందో చూద్దామంటే తీసి చూడలేము. మరి ఎలా తెలుస్తుంది?

బయటికి వచ్చే వాయువును పరీక్షిస్తే చాలదా అని నేను మా మేనల్లుణ్ని అడిగాను. "అక్కడే ఉంది మామయ్యా చిక్కు. బయటికి వచ్చేది చివరి రోజు దాకా బాగానే ఉంటుంది" అన్నాడు. విషయం ఏమిటంటే, క్యాటలిస్టు కొత్తగా ఉన్నప్పుడు పని అంతా పై భాగంలోనే అయిపోతుంది. కింద ఉన్న బిళ్లలకు చేయడానికి పని మిగలదు. పైవి పాడయిన కొద్దీ పని కింది వాటి మీదికి దిగుతుంది. కింద ఇంకా మంచి బిళ్లలు ఉన్నంత కాలం బయటికి వచ్చే వాయువులో మార్పు ఉండదు, దాని వేడిలోనూ చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. ద్వారం దగ్గర నిలబడి చూసేవాడికి అంతా సక్రమంగానే కనిపిస్తుంది. ద్వారం దగ్గర తేడా కనిపించిన రోజున లోపల ఇక మిగిలింది ఏమీ లేదని అర్థం.

అగరువత్తి వెలిగించి చూడండి. నిప్పు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, పరిమళమూ ఒకేలా ఉంటుంది. కానీ నిప్పు ఉన్న చోటు కిందికి దిగుతూ ఉంటుంది. పరిమళం చూస్తే వత్తి ఎంత మిగిలిందో తెలియదు. నిప్పు ఎక్కడ ఉందో చూస్తే తెలుస్తుంది. ప్రీరిఫార్మరులో కూడా నిప్పు ఉన్న చోటు కనిపెట్టాలి. అందుకోసం పాత్ర నడుమ నిలువుగా ఒక గొట్టం దింపి, అందులో వేరువేరు లోతుల్లో వేడిని కొలిచే తీగలు పెడతారు. వాటిని థర్మోకపుల్స్ అంటారు.

సహజ వాయువుతో నడిచే చోట లోపలికి వచ్చే వాయువు 500 డిగ్రీల దగ్గర ఉంటే, పని జరిగే కొద్దీ వేడి ఖర్చయి కొన్ని పదుల డిగ్రీలు తగ్గుతుంది. నాఫ్తా అయితే మొదట కొంచెం తగ్గి తరువాత పెరుగుతుంది. ఏదైనా సరే, పని అయిపోయిన చోటు నుంచి కిందికి వేడి ఇక మారదు. జరగవలసిన మార్పులో నూటికి 90 పాళ్లు ఎంత లోతుకు పూర్తయిందో ఆ లోతును లెక్క కట్టి, తేదీ వేసి, రిజిస్టరులో రాస్తారు. దాన్నే గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెడతారు. అడ్డంగా కాలం, నిలువుగా లోతు. అంతా సవ్యంగా ఉంటే చుక్కలు ఇంచుమించు ఒక సరళ రేఖలో పడతాయి. ఆ గీతను ముందుకు పొడిగిస్తే అడుగును ఎప్పుడు తాకుతుందో తెలిసిపోతుంది.

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. బిళ్లలు పోసిన లోతు 300 సెంటీమీటర్లు. మొదట్లో పని 60 సెంటీమీటర్ల దగ్గర పూర్తవుతోంది. ఏడాది తరువాత 108 దగ్గర. అంటే నెలకు 4 సెంటీమీటర్ల చొప్పున దిగుతోంది. అడుగు దాకా పోనివ్వకుండా 40 సెంటీమీటర్లు జాగ్రత్తకు వదిలేస్తే హద్దు 260. అక్కడికి చేరేది 50వ నెలలో. బాగుంది. 15వ నెలలో 120 దగ్గర ఉంది, ఇదీ లెక్క ప్రకారమే. 16వ నెలలో 124 ఉండవలసింది 132 ఉంది. ఒక్క నెలలో 12 సెంటీమీటర్లు. బయటికి వచ్చే వాయువులో తేడా ఏమీ లేదు, వేడిలో తేడా లేదు, ఉత్పత్తిలో తేడా లేదు. రిజిస్టరులో మాత్రం తేడా ఉంది. అదే వేగంతో పోతే ఇంకో పదకొండు నెలలు నిండకుండానే హద్దు చేరుతుంది. వెంటనే గంధకం పాత్రలను పరీక్షించి, జింక్ ఆక్సైడు అయిపోయిందని కనుక్కుని మార్పించారనుకోండి. మళ్లీ నెలకు 4 సెంటీమీటర్లే. హద్దు 48వ నెలకు చేరుతుంది. పోయింది రెండు నెలల ఆయువు మాత్రమే. చూడకుండా వదిలేస్తే పోయేది రెండేళ్ల ఆయువు.

గీత ఆకారం కూడా మాట్లాడుతుంది. పోస్టు మీద చేతిరాత చూసి ఎవరు రాశారో చెప్పగలిగినట్టు, అనుభవజ్ఞులు ఆ వేడి గీతను చూసి జబ్బు చెప్పగలరు. గీత ఆకారం మారకుండా ఉన్నదున్నట్టు కిందికి జరిగితే గంధకం అనుకోవచ్చు, పై పొరలు ఒకదాని తరువాత ఒకటి చచ్చిపోతున్నాయన్నమాట. గీత ఏటవాలుగా సాగిపోయి, పని పూర్తి కావడానికి ఎక్కువ దూరం పడుతుంటే బిళ్లలన్నీ వయసుతో నీరసిస్తున్నాయని అర్థం. పాత్ర పై భాగానికి, అడుగుకు మధ్య ఒత్తిడి తేడా పెరుగుతుంటే మసి కానీ, చిట్లిన బిళ్లల పొడి కానీ దారికి అడ్డం పడుతోందని తెలుస్తుంది. వీటికి తోడు ప్రయోగశాల వారు బయటి వాయువులో బరువైన పదార్థాలు జారుతున్నాయేమో చూస్తూ ఉంటారు. నాఫ్తా నడిచే చోట బెంజీను జాడ కోసం ముఖ్యంగా చూస్తారు.

ఒక జాగ్రత్త ఉంది. ఈ రోజు చుక్కను నిన్నటి చుక్కతో పోల్చాలంటే రెండు రోజులూ ప్లాంటు ఒకే బరువు మీద నడిచి ఉండాలి. గ్యాసు ఎక్కువ పంపిన రోజున పని సహజంగానే కొంచెం కిందికి దిగుతుంది. అందుచేత ఒట్టి వేడి రాస్తే చాలదు. ఆ గంటకు ఎంత గ్యాసు పోతోంది, ఎంత ఆవిరి, లోపలికి వచ్చే వేడి ఎంత, ఒత్తిడి ఎంత, అన్నీ పక్కన రాయాలి. ఒక థర్మోకపుల్ చెడిపోయి తప్పు చెబుతూ ఉండవచ్చు, అది కూడా రిమార్కుల కాలంలో ఉండాలి. రిమార్కుల కాలం ఖాళీగా ఉన్న రిజిస్టరుకు విలువ ఎంతో మనందరికీ తెలిసిందే.

ఈ సందర్భంలో ఒక సంగతి చెబుతాను. మా రోజుల్లో ఒక కార్యాలయంలో వర్షమాపక రిజిస్టరు ఉండేది. రోజూ ఉదయం కొలిచి రాయాలి. అక్కడ నెలాఖరున కూర్చుని ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో ముప్ఫయి రోజులూ నింపేసేవారు. ఊరంతా తడిసి ముద్దయిన రోజున కూడా "నిల్" అని ఉండేది. కొన్నాళ్లకు కరువు సహాయం లెక్కలు అడిగితే ఆ రిజిస్టరు ఎందుకూ కొరగాలేదు. నష్టపోయినవాడు రాసినవాడు కాడు, రైతు. ఇప్పుడు కర్మాగారాల్లో కంప్యూటరే క్షణక్షణం రాసుకుంటుంది కదా అంటారు. నిజమే. రాయడం యంత్రానికి వచ్చింది. రాసినది వారానికి ఒకసారైనా తెరిచి, చుక్కలు పెట్టి, ఇదేమిటి ఇలా ఉందని అడిగే మనిషి మాత్రం ఇప్పటికీ కావాలి.

ఇంత శ్రద్ధ ఎందుకంటే, క్యాటలిస్టు మార్చడం బల్బు మార్చినట్టు కాదు. ఆర్డరు పెట్టిన సరుకు రావడానికి నెలలు పడుతుంది. ప్లాంటు ఆపాలి. ఆపే సమయం నాట్ల అదునులో కాకుండా చూడాలి. క్యాలెండరు చూసి, మూడేళ్లయింది గనుక మార్చేద్దాం అంటే ఇంకా రెండేళ్లు పని చేసే సరుకును పారబోసినట్టు. నడిచినంత కాలం నడుపుదాం అంటే బరువైన వాయువులు రిఫార్మరు గొట్టాల్లోకి జారి, మసి పట్టి, గొట్టం కాలి, అదునులో ప్లాంటు ఆగిపోతుంది. ఆ రోజున యూరియా కోసం గిడ్డంగి ముందు చెప్పులు వరసలో పెట్టి నిలబడేది రైతే. వయసును బట్టి కాదు, లోతు గీతను బట్టి నిర్ణయించాలి.

ఇంతకన్నా ముఖ్యమైన మాట ఒకటి ఉంది. పాత క్యాటలిస్టును పాత్రలోంచి తీయడం ప్రమాదకరమైన పని. నికెల్ పని చేసే స్థితిలో ఉంటే గాలి తగలగానే దానంతట అదే వేడెక్కి రగులుకుంటుంది. అందుకని పాత్రలో నత్రజని నింపి ఉంచి తీస్తారు. నత్రజని విషం కాదు, వాసన లేదు, రంగు లేదు. కానీ ప్రాణవాయువు లేని ఆ పాత్రలోకి శ్వాస పరికరం లేకుండా దిగిన మనిషి రెండు మూడు శ్వాసల్లోనే స్పృహ తప్పుతాడు. అతణ్ని కాపాడబోయి ఆత్రంగా దిగిన రెండోవాడి గతీ అంతే. మరొకటి, చల్లారుతున్న నికెల్ మీద కార్బన్ మోనాక్సైడు ఉంటే నికెల్ కార్బొనిల్ అనే ఘోరమైన విషం పుడుతుంది. దీన్ని 1890లో లుడ్విగ్ మాండ్, అతని సహచరులు కనుగొన్నారు. ఇది 43 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, అంటే మన వైపు మే నెల ఎండ చాలు. అందుచేత వేడి 200 డిగ్రీలకు దిగకముందే కార్బన్ మోనాక్సైడు ఉన్న వాయువును పాత్రలోంచి పూర్తిగా తోసివేయాలి.

పాత్రలోకి దిగేవారు సాధారణంగా కంట్రాక్టు మనుషులు. వారికి మనలాగా పెన్షను లేదు, సంఘం లేదు. పని ముందే తెలిసి, తేదీ ముందే ఖరారై, సరంజామా, శిక్షణ, పరీక్షలు, పర్మిట్లు అన్నీ సావకాశంగా జరిగితే వారు క్షేమంగా ఇంటికి వెళతారు. అదునులో ప్లాంటు హఠాత్తుగా ఆగి, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తూ ఉంటే, ఎక్కడో ఒక పరీక్ష తప్పిపోతుంది. ఆ రిజిస్టరు ఇచ్చే అసలైన లాభం డబ్బు కాదండీ, సమయం. ఆ సమయం ప్రాణాలు కాపాడుతుంది. మూడేళ్ల పాటు రోజూ ఎవరో శ్రద్ధగా పెట్టిన చుక్కలు, ముఖం కూడా చూడని ఒక కూలీ క్షేమానికి పూచీ పడతాయి.

ఇక మీదట నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీస్తారట కదా, ఈ పాత్రలతో పని ఏమిటి అని కుర్రవాళ్లు అడుగుతారు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించి, 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నులు లక్ష్యంగా పెట్టుకుంది. మంచిదే, రావాలి. కానీ ఇవాళ మన పొలాల్లో చల్లుతున్న యూరియా చాలా వరకు సహజ వాయువు నుంచి వచ్చినదే. అది నడిచినంత కాలం నికెల్ బిళ్లలూ ఉంటాయి, వాటి ఆయువు లెక్కా ఉంటుంది. రేపు వచ్చే యంత్రాలకైనా లోపల అరిగేది ఏదో ఒకటి ఉంటుంది. దానికీ ఒక రిజిస్టరు కావాలి.

చివరగా రెండు విన్నపాలు. మన సభ్యుల పిల్లలు, మనవలు ఇటువంటి కర్మాగారాల్లో పని చేస్తున్నవారు ఈ సభలోనే ఉన్నారు. నాయనలారా, అమ్మలారా, షిఫ్టు మారేటప్పుడు ముందరి అంకెను చూసి "అదే" అని రాయకండి. వెళ్లి చూసి రాయండి. తేడా కనిపిస్తే చిన్నదైనా పైవారికి చెప్పండి, చెప్పినట్టు రాసి ఉంచండి. రెండవది, కర్మాగారాల్లో పని చేసి రిటైరయిన మిత్రులకు. వేడి గీతను చూసి జబ్బు చెప్పే చూపు మీ దగ్గర ఉంది. మనం సీటు మారినప్పుడు ఫైళ్లన్నీ జాబితా రాసి చార్జి అప్పగించేవాళ్లం. ఆ చూపుకు మాత్రం చార్జి లిస్టు ఎవరూ రాయలేదు. ఓపిక ఉన్నప్పుడే నోటు పుస్తకంలో రాసి పిల్లలకు ఇవ్వండి. మన సంఘం పత్రికలో అందుకు ఒక పేజీ కేటాయించమని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను.